పింఛను మొగోడి జేబుకేనా? పిల్లల కంచానికి కాదా?

మిలిటరీ చేసి వచ్చినోడికి మాలపల్లెలో, మాదిగవాడలో ఓ గౌరవముంది. ఆ గౌరవం మేమూ ఇస్తాం. 1946లో చమార్ రెజిమెంటును రద్దు చేసిన దుర్మార్గం మేం మర్చిపోలేదు. సుబేదార్ రాంజీ పింఛను వచ్చిన ఇంట్లోనే బాబాసాహెబ్ చదువుకున్నాడన్నదీ మర్చిపోలేదు. అందుకే అడుగుతున్నాం: పింఛను ఒక్క మొగోడిదా, ఇంటిల్లిపాదిదా?

పెళ్లాం పిల్లల్ని గాలికొదిలేసి టౌన్లో ఇంకో కాపురం పెట్టినోడి ఖాతాలో నెలనెలా పింఛను పడుతుంది. పల్లెలో ఆమె నాట్లకు పోతుంది. పిల్లోడు బడి మానేస్తాడు. పెద్దమనుషులేమో "మనోడే గదా, సర్దుకుపోమ్మా" అంటారు. దొరను నిలదీసిన నోళ్లు ఇక్కడెందుకు మూతపడతాయి?

చట్టం తమాషా చూడండి. కొలువులో ఉన్నన్నాళ్లూ జవాను జీతంలోంచి కోసి భార్యాబిడ్డల పోషణకు ఇప్పించే అధికారం 1950 ఆర్మీ చట్టం 91వ సెక్షన్లో ఉంది. రిటైరై ఇంటికొస్తే ఆ దారి మూత! పింఛను జప్తు చెయ్యరాదంటూ 1871 నాటి తెల్లదొరల పెన్షన్ల చట్టం, 11వ సెక్షన్ అడ్డం నిలబడుతుంది. అప్పులోళ్ల నుంచి కాపాడే కంచె అది. ఆలుబిడ్డలు అప్పులోళ్లా? మనోవర్తికి ఆ కంచె అడ్డురాదన్న కోర్టు తీర్పులున్నాయి. కానీ కూలి మానుకుని ఎన్ని వాయిదాలు తిరగాలి? అదే మొగుడు చస్తే ఫ్యామిలీ పెన్షన్ నేరుగా ఆమె ఖాతాకే! మొగుడు చచ్చేదాకా ఆమెకు ఆకలుండదనా సర్కారు లెక్క?

మా డిమాండు ఒక్కటే. విడిచిపెట్టిన భార్యాబిడ్డల వాటాను పింఛనిచ్చే ఆఫీసే కోసి, నేరుగా వాళ్ల ఖాతాలో వెయ్యాలి. మధ్యలో మొగుడొద్దు, మరిది వద్దు, బ్రోకరొద్దు.

కార్యకర్తలారా! అప్పటిదాకా చేతులు ముడుచుకోవద్దు. వాడవాడకూ పోండి. సర్వీసు రికార్డులో, పింఛను ఆర్డరులో భార్య పేరుందో లేదో చూడండి. లేకపోతే రేపు ఆ ఫ్యామిలీ పెన్షన్‌కూ తిప్పలే. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు అర్జీ పెట్టించండి. మనోవర్తి కేసు వేయించండి. పాత 125 సెక్షనే 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144. ఆడవాళ్లకూ ఎస్సీలకూ 1987 న్యాయసేవల చట్టం కింద వకీలు ఉచితం. మండల కోర్టులోనే అడగండి.

అక్కలారా! మీరు అడిగేది బిచ్చం కాదు. అతను సరిహద్దులో ఉన్నప్పుడు ఆ ఇల్లు నిలబెట్టింది మీరు. మనోడి తప్పును దాచే సంఘం దొర తప్పును అడగలేదు.

జై భీమ్!