పోట్లాటకూ ఓ దారి

"వర్గ పోరాటం" అనే మాట కనిపించగానే మన ఇళ్లలో చాలామంది పేజీ తిప్పేస్తారు. అది జెండాలూ, ఊరేగింపులూ పెట్టుకునేవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకుంటారు. మనం మిల్లు యజమానులమూ కాము, మిల్లు కూలీలమూ కాము. ఒకటో తారీఖున జీతం తెచ్చుకుని, ఇరవయ్యో తారీఖు నుంచీ వేళ్లు మడిచి లెక్కలు చూసుకునేవాళ్లం. ఆ పోరాటంలో మనం ఏ పక్షం?

చిత్రమేమిటంటే, సరిగ్గా ఈ ప్రశ్నే సమాజశాస్త్రజ్ఞులను కూడా నూరేళ్లకు పైగా వేధించింది. వాళ్లు వెతుక్కున్న జవాబులు కొన్ని మన వంటింటి గుమ్మం దాకా వస్తాయి. అందుకే ఈ వారం వాటి సంగతి చెప్పుకుందాం.

1842 చివర్లో ఫ్రెడరిక్ ఏంగెల్సు అనే ఇరవై రెండేళ్ల జర్మను యువకుడు ఇంగ్లండులోని మాంచెస్టరుకు వచ్చాడు. వాళ్ల నాన్న నూలు వ్యాపారంలో బాగా కలిగినవాడు. మాంచెస్టరు పక్కన కుట్టుదారం తయారుచేసే మిల్లులో ఆయనకు వాటా వుంది. అబ్బాయి వ్యాపారం నేర్చుకుంటాడనీ, తలకెక్కిన విప్లవ భావాలు కాస్త దిగుతాయనీ తండ్రి ఆశ. అబ్బాయి పగలు ఆఫీసులో కూచుని లెక్కలు చూశాడు. తీరిక దొరికినప్పుడల్లా కూలీల పేటల్లో తిరిగాడు. మేరీ బర్న్సు అనే ఐరిష్ కార్మిక కుటుంబపు యువతి స్నేహం వల్ల, పెద్దింటి బిడ్డలకు తెరుచుకోని తలుపులు ఆయనకు తెరుచుకున్నాయి.

ఆ ఊళ్లో ఆయనకు అన్నిటికన్నా వింతగా తోచింది ఊరు కట్టిన తీరు. వూరి బయట మేడల్లో వుండే వర్తకులు బళ్లమీద ఆఫీసులకు వచ్చిపోయే పెద్ద రోడ్లకు అటూ ఇటూ చక్కని దుకాణాల వరసలు. ఆ వరసల వెనకే మురికిపేటలు. రోజూ ఆ దారిన పోయేవాళ్లు కూడా, పనిగట్టుకుని పక్క సందులోకి తిరిగితే తప్ప, తమ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఎక్కడ నిద్రపోతున్నారో చూడనవసరం లేదు. ఇదంతా రాసి 1845లో జర్మన్ భాషలో పుస్తకంగా అచ్చువేశాడు. మూడేళ్ల తర్వాత, 1848లో, ఆయనా, కార్ల్ మార్క్సూ కలిసి రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక లండనులో వెలువడింది.

మార్క్సు చెప్పినదాన్ని నాలుగు మాటల్లో చెప్పుకోవాలంటే ఇంతే. బతకడానికి కావలసినవి తయారుచేసే సాధనాలు - పొలం, మిల్లు, యంత్రం - కొందరి చేతుల్లో వుంటాయి. మిగిలినవాళ్ల దగ్గర రెక్కలు తప్ప ఏమీ వుండవు. ఈ ఇద్దరి లాభాలూ ఒకటి కావు. ఒకరికి కూలి ఖర్చు, మరొకరికి అదే బతుకు. కనక వాళ్ల మధ్య తగాదా వాళ్ల గుణాలను బట్టి వచ్చింది కాదు. యజమాని ఎంత ధర్మాత్ముడైనా, కూలీ ఎంత నెమ్మదస్తుడైనా తగాదా వుండే తీరుతుంది. అది పెరిగి పెరిగి, మధ్యనున్నవాళ్లు కూడా చాలామంది కూలీలలో కలిసిపోయి, చివరకు రెండే శిబిరాలు ఎదురెదురుగా నిలబడతాయని ఆయన అంచనా.

మధ్యతరగతి మాయమైపోతుందన్నారు. మరి మనం ఇంకా వున్నామే?

వున్నాం సరికదా, పెరిగాం కూడా. ఇంగ్లండులో 1855, 56 సంవత్సరాల్లో వచ్చిన చట్టాలతో వాటాల కంపెనీలు పెట్టడం సులువైంది. మెల్లగా, మిల్లు సొంతదారు వేరు, మిల్లు నడిపేవాడు వేరు అయ్యారు. వాటాదారు ఎక్కడో ఇంట్లో కూచుంటాడు. మిల్లు నడిపే మేనేజరుకు మిల్లులో చిల్లిగవ్వ వాటా వుండకపోవచ్చు. ఆయనా జీతగాడే. ఆయన కింద ఫోర్‌మనులు, గుమాస్తాలు, ఇంజనీర్లు. వీళ్లంతా ఏ శిబిరం? ఇంకోవైపు కార్మికులు కూడా ఉన్నచోటే ఉండిపోలేదు. కూలీలు నలుగురూ జట్టు కట్టడమే నేరమని 1799, 1800 సంవత్సరాల్లో చట్టాలు చేసిన ఆ ఇంగ్లండే, 1824లో వాటిని రద్దు చేసింది. 1871లో యూనియన్లకు చట్టంలో చోటు ఇచ్చింది. 1867, 1884 సంవత్సరాల్లో కార్మికులలో చాలామంది మగవాళ్లకు వోటు వచ్చింది.

ఇది చూసి కొందరు పండితులు, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో, ఇంకో కొసకు పోయారు. సమాజం మన ఒంటి లాంటిది. ఒక్కో అవయవానికీ ఒక్కో పని వుంది. అన్నీ సర్దుకుని నడుస్తుంటే ఆరోగ్యం, తగాదా వస్తే జబ్బు - దాదాపు ఇలా వుండేది వాళ్ల ధోరణి. హార్వర్డు విశ్వవిద్యాలయంలో టాల్కట్ పార్సన్సు ఆ బాటలో పెద్ద పేరు.

ఈ రెండు వాదాలనూ కాదన్నవాడు రాల్ఫ్ డారెన్‌డార్ఫు. ఆయన 1929లో హాంబర్గులో పుట్టాడు. తండ్రి సోషల్ డెమోక్రాట్ నాయకుడు. నాజీలు అధికారానికి వచ్చిన 1933లో, మే నెల రెండో తారీఖున, కార్మిక యూనియన్ల కార్యాలయాలన్నీ పట్టుకున్నారు. జర్మనులంతా ఒకే కుటుంబం, ఇక వర్గాలూ లేవు, తగాదాలూ లేవు అన్నారు. ఆ "తగాదాలు లేని కుటుంబం"లోనే, 1944లో, తండ్రి జైలు పాలయ్యాడు. పదిహేనేళ్ల కొడుకును నాజీ వ్యతిరేకి అని నిర్బంధ శిబిరానికి పంపారు. అందరూ ఒకటే అని గట్టిగా అరిచేచోట ఎవరి నోరు నొక్కుతున్నారో చూడాలని ఆయన చిన్నతనంలోనే తెలుసుకుని వుండాలి.

డారెన్‌డార్ఫు డాక్టరేటుకు రాసింది మార్క్సు మీదే. తర్వాత 1957లో జర్మన్‌లో, 1959లో ఇంగ్లీషులో వచ్చిన వర్గాల మీది గ్రంథంలో ఆయన చెప్పిన మాట ఇది: తగాదాకు మూలం ఆస్తి ఒక్కటే కాదు, పెత్తనం. ఆస్తి అన్నది పెత్తనానికి ఒక రూపం మాత్రమే. మిల్లు కానివ్వండి, ఆఫీసు కానివ్వండి, గుడి ధర్మకర్తల సంఘం కానివ్వండి - నలుగురు కలిసి పనిచేసేచోట ఆజ్ఞలు ఇచ్చేవారు కొందరు, వాటిని పాటించేవారు కొందరు వుంటారు. ఇచ్చేవారికి ఉన్నది ఉన్నట్టు సాగితే మేలు. పాటించేవారికి అది మారితే మేలు. అక్కడే వుంది తగాదా విత్తనం.

ఈ మాటకు ఋజువు కావాలంటే 1953 నాటి తూర్పు బెర్లిను చూడండి. అక్కడి పెద్ద పరిశ్రమలు ప్రభుత్వానివి. పేరుకు కార్మికుల రాజ్యం. మార్క్సు లెక్క ప్రకారం అక్కడ కార్మికుడికి ఎవరితో తగాదా? కాని ఆ యేడు మే నెలలో ప్రభుత్వం, అదే జీతానికి కనీసం పది శాతం ఎక్కువ పని చెయ్యాలని ఆజ్ఞ వేసింది. జూన్ 16న, స్టాలిను పేరుతో కడుతున్న పెద్ద వీధిలోని తాపీ పనివాళ్లే పనిముట్లు కింద పెట్టి ఊరేగింపుగా బయలుదేరారు. ఆ రోజే ప్రభుత్వం ఆజ్ఞ వెనక్కు తీసుకున్నా ఆగలేదు. మర్నాటికి వందల ఊళ్లలో సమ్మెలు. సోవియట్ టాంకులు వచ్చి అణిచివేశాయి, ప్రాణాలు పోయాయి. యజమాని పోయాడు గాని, ఆజ్ఞ పోలేదు. అడగడానికి అక్కడ యూనియను లేదా అంటే, వుంది. కాని అదీ ఆజ్ఞలిచ్చే పార్టీ చేతిలోదే.

పశ్చిమ జర్మనీలో 1951లో ఇంకో దారి తొక్కారు. పెద్ద బొగ్గు, ఉక్కు కంపెనీలను పర్యవేక్షించే సంఘంలో కార్మికుల ప్రతినిధులకూ వాటాదారుల ప్రతినిధులకూ సమానంగా కుర్చీలు వేశారు. డారెన్‌డార్ఫుకు దీనిమీదా అనుమానమే. కుర్చీలో కూచున్న కార్మిక ప్రతినిధి కూడా ఆజ్ఞలిచ్చేవాళ్లలో ఒకడైపోతాడు కదా, అప్పుడు కింద వున్నవాడి తరఫున ఎవరు మాట్లాడతారు అని ఆయన ప్రశ్న. తగాదాను మాయం చెయ్యాలని చూడకండి, దానికి పద్ధతి ఏర్పరచండి అన్నది ఆయన సలహా. రెండు పక్షాలూ వున్నాయని ఒప్పుకోవాలి. రెండింటికీ మాట్లాడే మనుషులు వుండాలి. ఎలా పోట్లాడాలో నియమాలు వుండాలి. అప్పుడు పోట్లాట తగ్గకపోవచ్చు గాని, రక్తం చిందదు.

దాదాపు అదే రోజుల్లో, 1956లో, లూయిస్ కోజరు అనే మరో పండితుడు ఇంకో సంగతి చెప్పాడు. ఆయన బెర్లినులో పుట్టి, నాజీల కాలంలో దేశం విడిచి, పారిస్ మీదుగా అమెరికా చేరినవాడు. తగాదా లేకపోవడం అనుబంధం గట్టిగా వుందనడానికి గుర్తు కాదు అన్నాడాయన. బంధం తెగదనే ధైర్యం వున్నవాళ్లే ఉన్న మాట పైకి అనగలరు. తెగుతుందేమోనని భయపడేవాళ్లు మింగి వూరుకుంటారు. మింగిన కోపం ఎక్కడికి పోతుంది? అసలు కారణం మీద కాక, అందుబాటులో వున్నదానిమీద పడుతుంది. దానివల్ల కడుపుమంట కాస్త చల్లారుతుంది గాని, అసలు సంగతి ఎక్కడిదక్కడే వుంటుంది. ఆ పండితుడికి తెలుగు రాదు గాని, అత్త మీది కోపం దుత్త మీద చూపడమని మనవాళ్లు ఏనాడో అన్నారు!

ఇక మనం ఏ పక్షం అన్న మొదటి ప్రశ్నకు వద్దాం. పెత్తనం దృష్టితో చూస్తే జవాబు సులువే. మనం ఒక పక్షం కాదు. ఒక్కరోజులోనే రెండు పక్షాలూ. ఒకచోట ఆజ్ఞ పాటించే మనిషే ఇంకోచోట ఆజ్ఞ ఇవ్వవచ్చునని డారెన్‌డార్ఫు ప్రత్యేకంగా చెప్పాడు. పదింటి నుంచి అయిదింటి దాకా పై ఆఫీసరు ముందు చేతులు కట్టుకున్న గుమాస్తాగారు ఆరింటికి ఇల్లు చేరేసరికి ఆయనే ఆఫీసరు. ఆయన ముందు నోరెత్తని ఇల్లాలు, అంట్లు తోమే మనిషి ఆలస్యంగా వస్తే నోరెత్తుతుంది. ఆఫీసులో సెలవు కోసం మనం రాసుకునే అర్జీలో ఎన్ని ధర్మపన్నాలు! మన పనిమనిషి ఒక పూట సెలవడిగితే మనకు అవన్నీ గుర్తు వుంటాయా?

"మా పనిమనిషి ఎప్పుడూ ఏమీ అడగదండీ, మా ఇంట్లో మనిషిలాగే వుంటుంది" అని మనలో చాలామంది సంతోషంగా చెప్పుకుంటాం. ఆ సంతోషం అబద్ధం కాదు. కాని ఒక్క క్షణం ఆలోచించండి. ఒకే అవస్థలో వున్నవాళ్లు ఒక జట్టుగా ఏర్పడాలంటే మూడు కావాలన్నాడు డారెన్‌డార్ఫు: ముందు నడిచేవాళ్లు, ఒక ఉద్దేశం; జట్టు కట్టే స్వేచ్ఛ; ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు. మిల్లులో వెయ్యిమంది ఒకే గేటులోంచి వస్తారు, ఒకే గంటకు వెళతారు. మాటలు వాటంతట అవే కలుస్తాయి. ఇంటిపని చేసే మనిషి నాలుగిళ్లలో ఒంటరిగా పనిచేస్తుంది. ఆమె అడగకపోవడానికి కారణం తృప్తే కానక్కరలేదు. అడిగితే రేపు ఇంకో మనిషి వస్తుందన్న భయం కావచ్చు. నివురు గప్పిన నిప్పుకు పొగ రాదు.

ఆస్తి సంగతి పెత్తనం మాటున మరుగున పడిపోరాదని డారెన్‌డార్ఫును విమర్శించినవాళ్లు వున్నారు. వాళ్ల మాటలోనూ నిజం వుంది. ఆమె అడగలేకపోవడానికి మన పెత్తనం ఎంత కారణమో, ఆమె చేతిలో ఒక వారం తిండికి డబ్బు లేకపోవడం అంత కారణం. డారెన్‌డార్ఫు కూడా తర్వాతి రోజుల్లో, 1988 నాటి గ్రంథంలో, ఏ జట్టులోనూ చేరలేక, ఏ లెక్కలోకీ రాకుండా అడుగున మిగిలిపోయినవాళ్ల గురించి గట్టిగానే ఆలోచించాడు.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఇంటిపనివాళ్ల కోసం ఒక ఒడంబడిక చేసింది. పని షరతులు వాళ్లకు అర్థమయ్యేట్టు ముందుగా చెప్పాలనీ, వారానికి కనీసం ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన విశ్రాంతి వుండాలనీ అందులో వుంది. మిల్లు కూలీలకు ఎప్పుడో దక్కిన ఇలాంటి నియమాలు నాలుగు గోడల మధ్యకు రావడానికి అంతకాలం పట్టింది. ఆనాటి మాంచెస్టరు పెద్దమనుషుల్లాగా, మనమూ దుకాణాల వరస చూస్తూ నడిచిపోవడమే దీనికి కొంత కారణం.

చట్టాల మాట అలా వుంచండి. మన ఇంటి గుమ్మంలో మనం చేయగలిగిన పని ఒకటి వుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కాని అడిగే ధైర్యం లేనివాళ్ల చేత అడిగించడం పెత్తనం వున్నవాళ్ల బాధ్యత. నెలకు ఎన్ని సెలవులు, జబ్బు చేస్తే జీతం ఏమవుతుంది, ఏటేటా ఎంత పెంచుతాం - ఇవి మీరే ఎత్తి, కూచోబెట్టి, తేల్చి చెప్పండి. ఆమె బేరమాడితే నొచ్చుకోకండి. ఆ బేరం మీకూ ఆమెకూ మధ్య నమ్మకం పుట్టిందనడానికి గుర్తు. ఆఫీసులో మీ పై అధికారి మిమ్మల్ని అలా కూచోబెట్టి అడిగితే ఎంత బావుండునో, ఆమెకూ అంతే.