గుడ్డి విద్య కాదది

భుజాన గిటారు తగిలించుకున్న కుర్రాడు మా నాదెండ్లలో కనబడితే పెద్దల నోట రెండు మాటలు వస్తాయి. "గురువు లేని విద్య గుడ్డి విద్య" అన్నది మొదటిది. ఫోన్లో చూసి నేర్చుకుంటే వేళ్లు ఆడతాయి గానీ సంగీతం అబ్బదని వాళ్ల ఉద్దేశం. ఆ కుర్రాడు జోరుగా నాలుగు లీడ్ ముక్కలు వాయించి చూపిస్తే రెండో మాట సిద్ధంగా ఉంటుంది: "స్పీడుదేముందిరా, అది సర్కస్. సంగీతమంటే నిదానంగా మనసుకు తాకాలి." నరసరావుపేటలోనూ చిలకలూరిపేటలోనూ సంగీతం తెలిసినవాళ్లు సైతం ఇదే పాట పాడతారు. ఈ రెండు మాటలూ తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. మా పల్లెల పిల్లలకు ఉన్న ఒకే ఒక్క దారిని ఇవి మూసేస్తున్నాయి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మా వైపు గిటారు కొత్తదేమీ కాదు. గుంటూరు, పల్నాడు పల్లెల్లో చర్చిల పుణ్యమా అని అది ఎప్పుడో అడుగుపెట్టింది. ఆదివారం ఆరాధనలో కీబోర్డు, ప్యాడ్ల పక్కన ఒక గిటారు ఉంటుంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు కట్టే విద్యుత్ ప్రభల దగ్గర పాటకచేరీల్లోనూ ఉంటుంది. అయితే అదంతా కార్డులు పట్టి స్ట్రమ్మింగ్ చేసే పని. ఆల్టర్నేట్ పికింగ్, స్వీప్, లెగాటో, ట్యాపింగ్ లాంటి లీడ్ వాయించే పద్ధతులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే మనిషి మా మండలంలో దొరకడం గగనం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాకే ఇక్కడి పిల్లలు ఆ విద్యను కళ్లారా చూశారు. అలాంటి పిల్లవాడికి "గురువు దగ్గర నేర్చుకో" అని సలహా ఇస్తే, ఏ గురువు దగ్గరో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ సలహాకు "నువ్వు నేర్చుకోకు" అన్నదే అర్థం.

గురువు మాట వచ్చింది గనుక మన తెలుగునేల మీద జరిగిన సంగతే చూద్దాం. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, లోకానికి మాండొలిన్ శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ దగ్గర వాద్యం మొదలుపెట్టారు. తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆయన్ను చేరదీశారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. కర్ణాటక సంగీతానికి ఆ చిన్న మెట్ల మీద ఏ వేలు ఎక్కడ పడాలో, తీగను మీటే పిక్ ఎటు నుంచి ఎటు కొట్టాలో చూపగల మనిషి అప్పటికి లేడు. ఆ చేతిపని చాలావరకు శ్రీనివాస్ సొంతంగా కట్టుకున్నదే. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేశారు. తర్వాతి కాలంలో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఆయన వాద్యం విని జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటి గిటారిస్టు తన 'రిమెంబర్ శక్తి' బృందంలోకి పిలుచుకున్నారు.

దీన్నిబట్టి గురువు అక్కర్లేదని నేను వాదించడం లేదు. సుబ్బరాజు గారు లేకుండా శ్రీనివాస్ లేరు. కానీ ఆయన ఇచ్చిందేమిటి? రాగం, తాళం, సరిగ్గా పలికిందో లేదో పట్టుకునే చెవి. వేళ్ల పని ఆయన నేర్పలేదు, నేర్పలేరు కూడా. మనవాళ్లు గురువు పేరు చెప్పి ఈ రెంటినీ ఒకే మూట కట్టేస్తున్నారు. వేళ్ల పనిని ఫోన్ చూపిస్తుంది. చెవి సంగతి వేరు, అక్కడికి తర్వాత వస్తాను.

ఉన్న ఊరు వదిలి విద్య ఉన్నచోటికి పోవడమూ మన సంప్రదాయమే. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ మా పక్కనే చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నాదస్వరం నేర్చారు. తంజావూరు బాణీ కావాలనిపించి నాచియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైక్కన్ను సోదరులకు శిష్యులయ్యారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. తనకు కావలసిన బాణీ ఉన్న ఊరికి ఆయన రైలెక్కి వెళ్లగలిగారు. నాదెండ్ల కుర్రాడికి కావలసిన బాణీ లాస్ ఏంజిలిస్‌లోనో లండన్‌లోనో ఉంది. అతను ఎక్కగల రైలు ఆ ఫోనే. గిటారు బోధకుడు జస్టిన్ శాండర్‌కో 2003 నుంచీ గిటారు పాఠాలు ఉచితంగా పెడుతున్నారు. వాటిని వరసగా పట్టుకుని కూర్చున్న పిల్లవాడి చదువును ఏ లెక్కన గుడ్డి విద్య అంటారు?

ఇంకో మాట కూడా అనాలి. వేగం విషయంలో గొప్ప గురువులే చెప్పలేకపోయిన సంగతిని కెమెరా చెప్పింది. లీడ్ వాయించే ప్రతివాడూ ఒక గోడకు కొట్టుకుంటాడు. ఒకే తీగ మీద ఎంత వేగమైనా వస్తుంది. తీగ మారగానే చెయ్యి తడబడుతుంది. "ప్రాక్టీసు చాలలేదు, ఇంకా చెయ్యి" అంటారు. ఏళ్లు చేసినా గోడ కదలదు. అసలు కారణం పిక్ మొన దగ్గర ఉంది. పిక్‌ను కాస్త నేలవైపు వాల్చి పట్టుకుంటే కిందికి కొట్టిన దెబ్బ రెండు తీగల సందులోకి దిగి అక్కడే ఇరుక్కుంటుంది. పైకి కొట్టిన దెబ్బ తీగల్ని దాటి గాల్లోకి వస్తుంది. అలా గాల్లోకి వచ్చినప్పుడే పక్క తీగ మీదికి హాయిగా వెళ్లొచ్చు. ఇప్పుడు తీగకు మూడు స్వరాల చొప్పున స్కేలు వాయించి చూడండి. కిందికి, పైకి, కిందికి. మూడో దెబ్బకు పిక్ సందులో ఉంటుంది. అక్కడి నుంచి బయటపడాలంటే తీగ మీదుగా ఎగరాలి. నెమ్మదిగా వాయించేటప్పుడు ఆ గెంతు తెలియదు. వేగం పెరిగితే అదే కాళ్లకు బంధం. తీగకు రెండో నాలుగో స్వరాలు పెట్టుకుంటే చివరి దెబ్బ పైకి పడుతుంది, చెయ్యి సాఫీగా సాగిపోతుంది. 1984లో 'రైజింగ్ ఫోర్స్'తో ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసిన ఇంగ్వీ మాల్మ్‌స్టీన్ చేతిలో ఉన్న కిటుకుల్లో ఇదొకటి. అమెరికా గిటారిస్టు ట్రాయ్ గ్రేడీ తీగల పక్కనే కెమెరా బిగించి, పేరున్న వాద్యకారుల చేతుల్ని దగ్గరగా చిత్రీకరించి దీన్ని విడమరిచి పాఠాలుగా పెట్టారు. ఎదురుగా కూర్చున్న శిష్యుడి కంటికి ఆ పిక్ మొన ఆనదు. వాయించేవారికి కూడా తమ చెయ్యి ఏం చేస్తున్నదో చాలాసార్లు తెలియదు.

ఒకప్పుడు లీడ్ ముక్క పట్టుకోవాలనుకున్నవాళ్లు 33 స్పీడు గ్రామఫోన్ రికార్డును 16 స్పీడు మీద తిప్పి వినేవారు. సగం వేగం, దాంతోపాటు శ్రుతి ఒక స్థాయి కిందికి జారిపోయేది. ఇప్పుడు పిల్లవాడు వేగాన్ని సగానికి తగ్గించినా శ్రుతి చెదరదు, చెయ్యి కూడా కనబడుతుంది. ఇంత వెసులుబాటు మన తాతల కాలంలో ఏ విద్వాంసుడి శిష్యుడికీ లేదు.

ఇక సర్కస్ అన్న మాట. ఇది అనే పెద్దలే గుళ్లో సన్నాయి విద్వాంసుడు ఒక్క ఊపిరిలో స్వరాలు గుప్పిస్తే తల ఊపుతారు. డోలు జోరందుకుంటే తొడ మీద తాళం వేస్తారు. కర్ణాటక సంగీతంలో పిల్లలకు మొదటిరోజుల్లో చెప్పే సరళీ వరుసల్నే మూడు కాలాల్లో, అంటే ప్రతిసారీ వేగం రెట్టింపు చేస్తూ, సాధన చేయిస్తారు. నిమిషానికి 60 దెబ్బల నడకలో మూడో కాలమంటే సెకనుకు నాలుగు స్వరాలు. గిటారు కుర్రాడు మెట్రోనోమ్‌ను 60కి పెట్టుకుని వాయించే సిక్స్‌టీన్త్ నోట్లు అచ్చంగా అవే. 120కి చేరితే సెకనుకు ఎనిమిది. మన పిల్ల మూడో కాలం పాడితే సాధన, పక్కింటి కుర్రాడు అదే లెక్కను గిటారు మీద పలికిస్తే సర్కసా? వాద్యం బయటిదని మీ బాధ అయితే వయొలిన్ కూడా బయటిదే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో దాన్ని విన్నవాళ్లెవరూ అది ఎక్కడిదని అడగలేదు.

వేగం చేతిలో ఉన్నవాడు నెమ్మదిగా వాయించగలడు. లేనివాడికి నెమ్మది తప్ప మరో గతి లేదు. పాట మధ్యలో ఒక్కసారి ఎగసిపడాల్సిన చోట చెయ్యి రాకపోతే, ఆ భావం లోపలే చచ్చిపోతుంది. ఆ బాధ వాయించేవాడికి తెలుసు.

ఆన్‌లైన్ పాఠాల్లో చెత్త లేదని నేననను. ముప్పై రోజుల్లో మెరుపువేగం అని ఆశపెట్టి డబ్బు గుంజేవాళ్లున్నారు, వాళ్లను నమ్మొద్దు. ట్యాబ్ కాగితం మీది అంకెలు చూసి వేళ్లు పెట్టుకుంటూ పోతే చెవి మొద్దుబారుతుంది. వాయించబోయే ముక్కను ముందు నోటితో పాడగలగాలి, సుబ్బరాజు గారి పద్ధతి అదే. డిస్టార్షన్ పెట్టుకుంటే దెబ్బల్లోని హెచ్చుతగ్గులు ఆ హోరులో కొట్టుకుపోతాయి. క్లీన్ టోన్ మీద వాయిస్తే ఏ స్వరం నలిగిందో వెంటనే బయటపడుతుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, ఫోన్ మనల్ని చూడదు. ముంజెయ్యి బిగబట్టి వాయిస్తున్నా, మణికట్టు నొప్పి పెడుతున్నా ఆపమని చెప్పదు. రెండో ఫోన్‌తో చేతిని రికార్డు చేసుకుని చూసుకుంటే కొంత తెలుస్తుంది. నొప్పి వచ్చిన రోజు గిటారు పక్కన పెట్టడం ఎవరికి వారు నేర్చుకోవలసిందే.

తాళం తప్పితే ఠక్కున పట్టుకునే చెవి మాత్రం ఫోన్లో దొరకదు. అది మా దగ్గరే ఉంది. చిలకలూరిపేట చుట్టుపక్కల సన్నాయి, డోలు పట్టిన కుటుంబాలున్నాయి, చర్చిల్లో ఏళ్ల తరబడి పాడిస్తున్నవాళ్లున్నారు. వాళ్లకు నా మనవి ఒక్కటే. ఆ కుర్రాడిని తిట్టడం మాని పిలవండి. చెయ్యి వేసి ఆదితాళం పట్టండి. ఫోన్లో నేర్చిన ముక్కను మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో వాయించమనండి. తీగ మారేచోట తాళాన్ని దాటి ఉరుకుతున్నాడా, నడుమ ఒక స్వరం మింగుతున్నాడా అన్నది చెప్పడానికి మీకు గిటారు రానక్కర్లేదు. రోజూ కూడా అక్కర్లేదు, వారానికి ఒక సాయంత్రం చాలు.