పొగ వాడకు, పేరు ఊరికి

మొన్న క్లాసులో ఒక విద్యార్థి అడిగిండు: "సార్, యూరప్ దేశాలు పొగ తగ్గించుకుంటనే ఎదుగుతున్నయట. మనకెందుకు చేతకాదు?"

నిజమే. బ్రిటన్ తన నేల మీద వదిలే కర్బన ఉద్గారాలు 1990తో పోలిస్తే దాదాపు సగానికి తగ్గినయి. అందులో వాళ్ల కష్టం లేదనను. 2024 సెప్టెంబర్ 30న చివరి బొగ్గు కరెంటు ప్లాంటు కూడా మూసేసిన్రు. కానీ వాళ్లు కట్టే బట్ట, వాడే ఫోను ఎక్కడ తయారైతున్నయి? వస్తువు ఎవరు వాడినా, పొగ మాత్రం తయారైన దేశం ఖాతాల పడుతది. వాడకాన్ని బట్టి లెక్క గడితే ఆ తగ్గుదల అంత పెద్దగ కనబడదు.

దూరమెందుకు, మన తాండూరు చూడండి. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ అయితది. బొగ్గు పొగ ఒక ఎత్తు, రాయిలోంచే వెళ్లే కార్బన్ డయాక్సైడ్ అంతకంటే ఎక్కువ. 2022లో స్విట్జర్లాండ్ కంపెనీ హోల్సిమ్ ఇక్కడి అంబుజా, ఏసీసీలను అదానీకి అమ్మి పోయింది. ఆ పొగంతా దాని పద్దులోంచి పోయింది, గాలిలోంచి పోలేదు. 2024లో అదే అంబుజా, తాండూరులో ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను కొన్నది. చేతులు మారినయి, బట్టీ మారలే.

సిమెంటు లేకుండ హైదరాబాద్ టవర్లు లేవు. అందులో విదేశీ కంపెనీల ఆఫీసులు. సాఫ్ట్‌వేర్ ఎగుమతికి పొగ లేదంటరు, 'క్లీన్ గ్రోత్' అని పేరు పెడతరు. ఆ బస్తాలు మోసేది, స్లాబు పోసేది మా కుల్కచర్ల దిక్కు నుంచి, పాలమూరు నుంచి పోయిన కూలీలు.

ఈ పద్ధతి మనకు కొత్తనా? చచ్చిన గొడ్డును వాడకు తోలి, ఊరు శుభ్రంగున్నదని చెప్పుకున్నోళ్లను తరతరాలుగ చూస్తనే ఉన్నం. ప్రపంచీకరణ దాన్నే దేశాల మధ్య నడుపుతున్నది.

అంతర్జాతీయ వాతావరణ సదస్సుల్లో మన సర్కారు, భారతీయుని తలసరి ఉద్గారం రెండు టన్నులు, అమెరికనుది పద్నాలుగు టన్నుల దాకా అని వాదిస్తది. సరైన వాదనే. 2026 జనవరి 1 నుంచి యూరప్ సిమెంటు, ఉక్కు దిగుమతులకు పెట్టిన కార్బన్ సుంకాన్ని అన్యాయమంటది. అదీ ఒప్పుకుంట. మరి ఆ రెండు టన్నుల్లో జూబ్లీహిల్స్ బంగ్లా ఎంత, మా వాడ రేకుల ఇల్లెంత? బయట పేదల పేరు చెప్పి అడిగిన న్యాయం, లోపల పేదలకెందుకు అడగరు?

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో మినరల్ ఫౌండేషన్ నిధి పెట్టాలె. గనుల వల్ల నష్టపోయినోళ్ల కోసమే ఆ పైసలు. వికారాబాద్ జిల్లాలో అవి ఏ ఊరికి, ఏ వాడకు పోయినయో సమాచార హక్కు కింద అడుగుదాం. దరఖాస్తు ఎట్ల రాయాల్నో వచ్చే భాగంలో పెడుత.