ఏడవనివ్వండి

చీకటి పాటలన్నీ సాతానువేనని మనం తేలికగా తీర్పు తీర్చేస్తాం. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో 1988లో మొదలైన మెటల్ బృందం ప్యారడైజ్ లాస్ట్‌ను చూడండి. 1999లో ‘హోస్ట్’ ఆల్బమ్‌తో వాళ్లు బరువైన గిటార్లు వదిలి ఎలక్ట్రానిక్ బాట పట్టారు. తరువాత గిటారిస్టు గ్రెగ్ మాకింటాష్ తండ్రి చనిపోయారు. 2010లో తాను కట్టిన వాలెన్‌ఫైర్ అనే మరో బృందం ఆ దుఃఖంలోనుండే పుట్టిందని ఆయనే చెప్పాడు. 2015కల్లా ప్యారడైజ్ లాస్ట్ పాటల్లోనూ పాత గర్జన మళ్లీ వినబడింది.

వాళ్ల పాటలన్నిటికీ మనం ఆమేన్ అనం. కానీ తండ్రిని పోగొట్టుకున్న బిడ్డతో సమాధి దగ్గరే “ఏడవకు, స్తుతించు” అంటున్నామే, అది ఆదరణా? 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కూడా ఏడ్చాడు. మన సంఘంలో ఏడవడానికి చోటివ్వకుండా, బయట ఏడ్చేవాళ్లను నిందించే అర్హత మనకు లేదు.