గేటు తాళం ఎవరి దగ్గర

ఇబ్రహీంపట్నం అనగానే కొందరు హైదరాబాదు పక్కదనుకుంటారు, కొందరు బెజవాడ పక్కదనుకుంటారు. నేను చెప్పేది ఆ రెండూ కాదు. మెట్‌పల్లి దాటి గోదావరి దిక్కు పోతే వచ్చే మండలం. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. పసుపు, మక్క, వరి పండే నేల. ఏ వాడకు పోయినా నలుగురు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు.

ఆ మండలంలోని ఒక ఊళ్లో (పేరు రాస్తే మళ్లీ పోయినప్పుడు నాకు చాయ పుట్టదు) ఈ మధ్య ఒక ముచ్చట నడుస్తోంది. బడి పక్కనే ఉన్న పల్లె ప్రకృతి వనాన్ని బడికి రాసిస్తే ఎట్లుంటుంది అని. బడికి నాలుగు గదులు, ఒక వంటగది, వాటి నడుమ ఇరుకు వాకిలి. పిల్లలు ప్రార్థనకు నిలబడితే చివరి వరుస వరండా మెట్ల మీదుంటుంది. గోడ అవతల ముప్పై గుంటల వనం. కానుగలు, వేపలు, నాలుగైదు జామచెట్లు, నడవడానికి పరిచిన బాట. బాట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. గేటుకు తాళం.

హెడ్మాస్టరు అడుగుతున్నది అన్యాయమైన కోరికేం కాదు. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఉండాల్సినవాటి జాబితాలో ఆటస్థలాన్ని మరుగుదొడ్డి, తాగునీళ్ల వరుసలోనే పెట్టింది. కొత్తగా గెలిచిన సర్పంచికీ అభ్యంతరం లేదు. తీర్మానం రాసి సంతకం పెడితే ఒక పని చేసిన పేరొస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉండి, 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్లీ ఊరివాళ్ల చేతికొచ్చాయి. ఏదో ఒకటి చేసి చూపించాలన్న తొందర ఉంటుంది కదా.

అడ్డం చెప్పింది అరుగు మీద కూచున్న ఒక ముసలాయన. "బడికిస్తే బడిదైతది బిడ్డా, ఊరిది కాదు" అన్నాడు. బడి ఊరిది కాదా అని ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చాక నాకూ నవ్వు రాలేదు.

నిజంగానే, బడి ఎవరిది? బోర్డు మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనుంటుంది. సార్లకు జీతం రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. అన్నం మహిళా సంఘం వండుతుంది. మరమ్మతుల సంగతి 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చూస్తుంది. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అని వేరే ఉంటుంది. చాలాచోట్ల దానికి సొంత ఎన్నిక, సొంత పన్ను, సొంత ఆస్తి. ఊరు దానికి జాగ ఇచ్చిందంటే ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో స్పష్టంగా తెలుస్తుంది. మన దగ్గర పుచ్చుకునే చెయ్యి ఎవరిదో తేలదు. బడికి పదకొండంకెల యూడైస్ నంబరు ఉంటుంది. కింది జాగ బడి పేరనే ఎక్కి ఉందా అంటే చాలా ఊళ్లలో సార్లు పైకి చూస్తారు. ఎన్నడో ఒక పెద్దాయన తెల్లకాగితం మీద రాసిచ్చాడు, లేదా నోటిమాటగా ఇచ్చాడు. ఆయన పోయాక మనుమలు కొలత తాడు పట్టుకొని వస్తారు. పాత పహాణీ పోయి 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కాగితమే లేని జాగకు పోర్టల్ ఏదైతేనేం?

ఇందులో ఇంకో వింత ఉంది. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలైంది, ఆ వెనుక ఊరూరా ప్రకృతి వనాలొచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 19,000కు పైగా పెట్టామన్నారు. 2022 జూన్ 2న క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంత, కసరత్తు బార్లు, ముందర పెద్ద బోర్డు. ఖాళీ జాగ దొరకని ఊళ్లలో ఆ బోర్డులు ఎక్కడ పాతారో గుర్తుందా? బడి గ్రౌండులో. అంటే నిన్న బడి జాగను ఊరి ఖాతాలో లెక్క చూపించాం, ఇవాళ ఊరి జాగను బడి ఖాతాలో వేయమంటున్నాం. జాగ కదల్లేదు. బోర్డులే అటూ ఇటూ నడుస్తున్నాయి.

బదలాయింపు దారి చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ పశువుల మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, బండ్లు నిలిపే జాగాలు, తోపుల్లాంటి పోరంబోకులను పంచాయతీకి అప్పజెప్పింది. ఫలానా ప్రజావసరం అని చెప్పి ప్రభుత్వం నోటిఫికేషన్‌తో తిరిగి తీసుకునే వీలూ అక్కడే పెట్టింది. బడి కన్నా ప్రజావసరం ఏముంటుంది అంటారు. నిజమే. అయితే 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా చదవాలి. పంజాబ్‌లోని పటియాలా జిల్లాలో ఊరి కుంటను పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్ల కేసది. ఊరుమ్మడి జాగలను క్రమబద్ధం చేయొద్దు, ఖాళీ చేయించి ఊరికి అప్పజెప్పండి అని కోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకో, దళితులకో, గిరిజనులకో లీజుకిచ్చిన జాగలు, అప్పటికే బడి, దవాఖాన లాంటివి లేచిన జాగలు మాత్రం మినహాయింపులు. ఆ ఏడాది జూలైలోనే మన దగ్గర జీవో 188తో పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాలు వచ్చాయి. నాకు అర్థమైనంతవరకు ఆ మినహాయింపు లేచి ఉన్న బడికే, రేపు లేవబోయే ప్రహరీగోడకు కాదు.

సరిగ్గా ఇదే తగువు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వెస్ట్‌ఫీల్డ్ అనే పట్నంలో జరిగింది. అక్కడ క్రాస్ స్ట్రీట్ ప్లేగ్రౌండ్ అని ఐదెకరాల పైచిలుకు ఆటస్థలం. 1957లో నగరం దాన్ని ఆటస్థలంగా ఆర్డినెన్సులోకి ఎక్కించింది. 1979లో దాన్ని బాగుచేయడానికి కేంద్ర నిధి తీసుకుంది. ఏళ్ల తరువాత దాన్ని పార్కుల శాఖ నుంచి బడి శాఖకు మార్చి ప్రాథమిక పాఠశాల కట్టబోయింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. బడికి వ్యతిరేకంగా కోర్టుకు పోతారా అని వాళ్లనెంతమంది తిట్టి ఉంటారో ఊహించవచ్చు. 2017లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇళ్లవాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆటస్థలమని ఒకసారి జనానికి అంకితం చేశాక, దాన్ని మరో పనికి వాడాలంటే ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓటు కావాలని. కట్టేది బడి అయినా సరే.

మనకు అంత వద్దు. మూడింట రెండొంతుల మందిని గ్రామసభకు రప్పించడమే మనవల్ల కాదు. కానీ మన ఊళ్లో ఖాళీ జాగ ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి చూసి మాట్లాడాలి. ఫిబ్రవరిలో పసుపు తవ్వి ఉడికించాక కొమ్ములను రోజుల తరబడి ఎండబెట్టాలి. చదునైన జాగ లేకపోతే రోడ్డు మీదే పోస్తారు, బండ్లు పక్కనుంచి పోవాలి. మక్కలదీ అదే కథ. వడ్ల కొనుగోలు కేంద్రానికీ మైదానమే కావాలి. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లకు మైదానమే కావాలి. పొద్దున నడిచేవాళ్లు, మధ్యాహ్నం చెట్టు కింద కునుకు తీసే ముసలివాళ్లు. వీళ్లెవరి పేరూ హాజరుపట్టీలో ఉండదు.

నా అసలు భయం ఇంకోటుంది. పొద్దున ఎనిమిదింటికి ఆ ఊరి రోడ్డు మీద నిలబడితే మెట్‌పల్లి, కోరుట్ల ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు పోతుంటాయి. దుబాయి పైసల్లో కొంత ఆ బస్సు కిరాయికే పోతుంది. సర్కారు బడిలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. రేపు బడి మూతపడితే, లేక పక్కూరి బడిలో కలిస్తే, ఈ ముప్పై గుంటలు ఎవరివి? ఊరు రాసిచ్చేసింది. బడి లేదు. మిగిలింది ఏదో ఒక ఆఫీసు ఫైలు. ఆ ఫైలు ఎప్పుడు, ఎవరి టేబుల్ మీద తెరుచుకుంటుందో ఊరికి తెలియదు. బెంగుళూరులో పార్కుకని వదిలిన జాగ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు పోయిందని జనం సుప్రీంకోర్టు దాకా పోయి 1991లో గెలిచారు. ఈ ఊళ్లో సుప్రీంకోర్టు దాకా పోయే ఓపిక ఎవరికుంది? ఇక్కడివాళ్లు జగిత్యాల కలెక్టరేట్లో ప్రజావాణికి పోవడానికే ఒక రోజు కూలీ వదులుకోవాలి.

అందుకే ఆ ముసలాయన పక్షాన నిలబడుతున్నాను. జాగ బడికి ఇవ్వాలి, పేరు మార్చకూడదు. పంచాయతీ పేరు మీదే ఉంచి, బడివేళల్లో వాడుకునే హక్కు బడికి రాసివ్వాలి. బడి విడిచినప్పటి నుంచి మర్నాడు గంట కొట్టేదాకా ఊరిది. గది కట్టొద్దు, ఇప్పుడున్న చెట్లను లెక్కపెట్టి కాగితంలో రాయాలి, బడి లేకపోయిన రోజున హక్కు తిరిగి పంచాయతీకి రావాలి. రెండు ప్రతులు, రెండు బీరువాలు. సర్వే నంబరు, గుంటలు, హద్దులు రాయకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. బడికి ఇంకా గదులు కావాలంటే అది వేరే ముచ్చట. నియోజకవర్గానికొక యంగ్ ఇండియా గురుకులమని ఒక్కోదానికి 20 నుంచి 25 ఎకరాలు చూసే సర్కారుకు ఊరి బడి కోసం ఒక అరెకరం చూడటం బరువేం కాదు.

హెడ్మాస్టరుకు ఇది అంతగా నచ్చలేదు. గేటు తెరిచి ఉంచితే రాత్రిళ్లు సీసాలు పడేస్తారు సార్, పొద్దున పిల్లలు ఏరాలె అన్నారు. అదీ నిజమే. జవాబు నా దగ్గర సగమే ఉంది. పొద్దున ఊడ్చే పని పంచాయతీది, బడిది కాదు అని కాగితంలో ఇంకో వాక్యం చేర్చాలి.

బయల్దేరే ముందు వనం లోపల చూద్దామని తాళంచెవి అడిగాను. పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్ దగ్గరుందన్నారు. ఆయన ట్రాక్టర్ మీద చెత్త ఎత్తడానికి పోయాడట. గేటు దగ్గర నిలబడి చూస్తుంటే, మధ్యాహ్నం అన్నం తిన్న ఇద్దరు పోరగాళ్లు గోడ కొద్దిగా విరిగిన చోట అలవాటైన కాళ్లతో ఎక్కి అవతలికి దూకారు. ఒకడు జామచెట్టు కొమ్మ వంచాడు. రెండోవాడు నన్ను చూసి, పట్టిస్తానేమోనని కాసేపు ఆలోచించి, ఒక పచ్చికాయ గేటు సందులోంచి చేతికిచ్చాడు.