ఓడ పొగకి పన్నొద్దుట, రొయ్యకి సుంకం ముద్దుట

మా బావకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పట్నుంచీ పన్ను అనే మాట చెవిన పడితే చాలు, ఆయన ఉలిక్కిపడేవాడు. అక్టోబర్లో ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. "ఓడల పొగ మీద కూడా ఏదో పన్నట కదరా, అదీ మా నెత్తినేనా?"

"లేదు బావా, ఆపేశారు. అమెరికావాళ్ళే దగ్గరుండి ఆపించారు."

"అదేంట్రా, మన రొయ్య మీద వేసిందీ వాళ్ళేగా?"

ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆయన అడిగిన ఈ ఒక్క ముక్కే బాగుందనిపించింది.

తెలియనివాళ్ళకోసం క్లుప్తంగా కథ. ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సరుకు ఓడల్లోనే తిరుగుతుంది. గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఓడల వాటా దాదాపు 3 శాతం. నడిసముద్రంలో కాలిన ఇంధనాన్ని ఏ దేశం ఖాతాలో రాయాలి? తిలాపాపం తలా పిడికెడు. 1997 నాటి క్యోటో ఒప్పందం ఆ తలనొప్పిని లండన్‌లో ఉండే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) చేతిలో పెట్టి ఊరుకుంది. అది నానీ నానీ 2025 ఏప్రిల్‌కి ఒక రూపానికొచ్చింది. ఓటింగు పెడితే 63 దేశాలు సరేనన్నాయి, 16 వద్దన్నాయి, 24 ఎటూ చెప్పలేదు. మనం సరేనన్నవాళ్ళలోనే ఉన్నాం. అమెరికా ఆ చర్చల్లోంచి ముందే లేచి వెళ్ళిపోయింది. అక్టోబర్లో తుది ఆమోదముద్ర పడాలి. తీరా ఆ సమావేశం చివరిరోజున, 17వ తేదీన, సౌదీ అరేబియా వాయిదా అడిగింది. 57 మంది సై, 49 మంది నై. ఏడాది వాయిదా.

వ్యతిరేకించేవాళ్ళు చెప్పిన పెద్ద కారణం ధరలు. పన్నేస్తే రవాణా ఖర్చు పెరిగి సామాన్యుడి నడ్డి విరుగుతుందట. సరే, మనకి లెక్కలొచ్చు కదా, వేసి చూద్దాం.

ముందుగా, కాల్చిన ప్రతి టన్నుకీ పన్ను కాదిది. ఇంధనం వల్ల వచ్చే కాలుష్యానికి ఏటేటా తగ్గే రెండు గీతలు గీశారు. 2028కి ఒకటి 4 శాతం తగ్గింపు, రెండోది 17 శాతం. మొదటి గీత కూడా అందుకోలేకపోతే ఆ లోటుకి టన్నుకి 380 డాలర్లు, రెండు గీతల మధ్య లోటుకి 100 డాలర్లు. మామూలు నల్లచమురు కాల్చే ఓడకి సగటున చూస్తే మొదటి ఏడాది టన్ను కార్బన్‌కి 30 డాలర్ల చుట్టుపక్కల తేలుతుంది. విశాఖ నుంచి అమెరికా వెళ్ళే ఒక రొయ్యల కంటైనర్ వాటాకి 4 టన్నులు వేసుకోండి (ఎక్కువే వేస్తున్నా, ఫ్రీజర్ కంటైనర్ కదా). 120 డాలర్లు. లోపల 16 టన్నుల సరుకుంటే, కిలో 8 డాలర్లనుకున్నా దాని విలువ 1,28,000. అంటే పన్ను వెయ్యికి ఒక డాలరు కూడా లేదు. పోనీ నాలుగు టన్నులకీ 380 చొప్పున బాదినా 1,520. అదే 50 శాతం సుంకం? 64,000 డాలర్లు!

సామాన్యుడి నడ్డి గురించి ఇంత దిగులు పడేవాళ్ళు ఆ 64,000 దగ్గర ఏమైపోయారో నాకర్థం కాలేదు. ఇంకో తమాషా చూడండి. లండన్‌లో సమావేశం మొదలైంది అక్టోబర్ 14న. సరిగ్గా అదే రోజున అమెరికా తన రేవులకొచ్చే చైనా ఓడల మీద సొంతంగా రుసుము వసూలు మొదలెట్టింది. చైనా కూడా అదే రోజు బదులు వడ్డించింది. (నవంబర్లో ఇద్దరూ రాజీపడి ఏడాదిపాటు ఆపుకున్నారు, అది వేరే సంగతి.) కాబట్టి ఓడల మీద పన్ను వేయడం తప్పని ఎవరూ అనలేదండీ. డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడుతుందన్నదే గొడవ.

బెదిరింపుల జాబితా కూడా అలాగే ఉంది. అక్టోబర్ 10న అమెరికా మంత్రులు ముగ్గురు కలిసి ఒక ప్రకటన చేశారు. అనుకూలంగా ఓటేసే దేశాల ఓడల్ని రేవుల్లోకి రానివ్వకపోవడం, రుసుములు, అధికారుల మీద ఆంక్షలు, ఓడ సిబ్బంది వీసాలకి కోత... ఇవన్నీ ఆలోచిస్తున్నామన్నారు. వీసా అనగానే ఎంతటివాడికైనా గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుందని మనకి వేరే చెప్పాలా? ప్రపంచానికి నావికుల్ని బాగా పంపే దేశాల్లో మనదీ ఒకటి.

అయితే వ్యతిరేకులందరూ దొంగలే అనడం కూడా అన్యాయం. ఒక పద్ధతి ప్రశ్న ఉంది. ఈ మార్పుల్ని చేర్చేది మార్పోల్ ఒప్పందంలో. అక్కడ ఒకసారి ఆమోదించాక, గడువులోగా మూడో వంతు దేశాలో, లేదా ప్రపంచ ఓడల టన్నేజీలో సగం ఉన్న దేశాలో అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. "శుక్రవారంలోగా ఎవరూ కామెంట్ పెట్టకపోతే మెర్జ్ చేసేస్తా" అనే మేనేజర్ గుర్తొచ్చాడా? సాంకేతిక నిబంధనలకి అది బాగానే ఉంటుంది. డబ్బు వసూలుకి కూడా అదే దారా, మా పార్లమెంటు చెయ్యెత్తక్కర్లేదా అని అడిగితే దానికి సమాధానం ఇవ్వాల్సిందే. మరోవైపు పసిఫిక్ ద్వీపాలవాళ్ళు ఏప్రిల్లో తటస్థంగా ఉన్నది పన్ను ఎక్కువై కాదు, చాలక. టన్నుకి 100 డాలర్లు వేయండని మార్షల్ దీవులు, సోలమన్ దీవులు 2021లోనే అడిగాయి. మార్షల్ దీవుల జెండా కిందే ప్రపంచంలోని అతిపెద్ద నౌకాదళాల్లో ఒకటి తిరుగుతుంది మరి, అయినా అడిగారు.

మనకి నష్టమేంటంటారా? ఈ పన్ను డబ్బు ఒక ఉమ్మడి నిధికి వెళ్ళి, కొత్త ఇంధనం వాడే ఓడలకీ, మనలాంటి దేశాలకీ సాయంగా రావాలన్నది ఆలోచన. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టు, పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ తలపెట్టాం. దాన్ని కొనేవాడెవడు? ఎరువుల కంపెనీల తర్వాత పెద్ద గిరాకీ ఓడల నుంచే రావాలి. నల్లచమురు చవగ్గా ఉన్నంతకాలం ఏ ఓడవాడూ అటు తిరిగి చూడడు.

ఇదంతా బావకి చెప్పేసరికి అరగంట పట్టింది. మొత్తానికి వాయిదా పడటం మంచిదే కదా అన్నాడు. "యూరప్ సరుకుకి మంచిదేం కాదు బావా. వాళ్ళు 2024 నుంచే తమ రేవులకొచ్చే ఓడల కార్బన్‌కి సొంతంగా వసూలు చేస్తున్నారు. ఇక్కణ్ణించి వెళ్ళే ఓడకైతే ప్రయాణంలో సగానికి. షిప్పింగ్ కంపెనీలు దాన్ని సర్‌ఛార్జీగా మనవాళ్ళ బిల్లులోనే కలుపుతున్నాయి."

"మరి ఆ డబ్బులో మనకేమైనా వస్తుందా?"

"పైసా రాదు."

"అయితే ఆ లండన్ పన్నే నయంగా ఉందిగా" అని, ఏరేటర్ ఆగిపోయిందని ఎవరో పిలిస్తే ఫోను పెట్టేశాడు.