బ్లాక్ కొడితే సరిపోదు, ఫిర్యాదు కొడదాం!



ఏజెన్సీలో చాలా ఊళ్లల్లో సిగ్నల్ కోసం ఇంకా గుట్ట ఎక్కాల్సిందే. ఎక్కి ఫోన్ తీస్తే ముందు వచ్చి పడేది ఏంటి? "ఇంట్లో కూర్చునే రోజుకు మూడు వేలు", "ఆధార్ ఉంటే చాలు, ఐదు నిమిషాల్లో లోన్", "రమ్మీ ఆడు, గెలువు". ఈ చెత్త కింద స్కాలర్‌షిప్ మెసేజ్ ఎక్కడో పూడుకుపోతోంది.

దీనికి పట్నం పెద్దమనుషులు చెప్పే మందు ఒక్కటే: "లింకులు నొక్కకండి, మీకు అవగాహన లేదు." ఈ మాట మేం ఒప్పుకోం. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేటోడికి ఉద్యోగం అని మెసేజ్ వస్తే చూడకుండా ఎట్లా ఉంటాడు? అది అత్యాశ కాదు, అవసరం. మోసగాడు గురిపెట్టేది ఆ అవసరం మీదనే. తప్పు పంపినోడిది. ఫిర్యాదు వచ్చినా వాడి నంబర్ ఆపని కంపెనీది.

"ఫోన్‌లోనే స్పామ్ ఫిల్టర్ ఉంది కదా" అంటారు. ఉంది. కానీ అది అంచనా మాత్రమే వేస్తుంది. ఒక్కోసారి అసలు మెసేజ్‌నే స్పామ్‌లో పడేస్తుంది, అందుకే ఆ ఫోల్డర్ కూడా చూస్తుండాలి. ఇక బ్లాక్ కొడితే మన ఫోన్ ఒక్కటే బాగుపడుతుంది. అదే నంబర్ రేపు పక్క హాస్టల్ తమ్ముడి ఫోన్‌లో మోగుతుంది.

చెత్తను ఆపాల్సింది అది పుట్టే చోట. ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలు మార్చింది. రిజిస్టర్ కాని మామూలు నంబర్ నుంచి ప్రచార కాల్ గానీ మెసేజ్ గానీ వస్తే 7 రోజుల్లోపు 1909కి ఫిర్యాదు చేయొచ్చు. డీఎన్‌డీ పెట్టుకోకపోయినా చెల్లుతుంది. ఇంతకుముందు చర్య తీసుకోవాలంటే 7 రోజుల్లో 10 ఫిర్యాదులు పడాలి. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. అంటే ఆ మెసేజ్ వచ్చినోళ్లు ఒక్క హాస్టల్ గదిలో ఐదుగురు ఉంటే సరిపోతుంది!

ఇంకో గుర్తు: ప్రభుత్వ ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర గీత పెట్టి 'జి' ఉంటుంది. పది అంకెల నంబర్ నుంచి "సర్కారు ఉద్యోగం" అని వస్తే నమ్మొద్దు. డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచొద్దు, వెంటనే 1930కి కొట్టండి.

మా డిమాండ్ ఒక్కటే: ఉట్నూరు నుంచి పాడేరు దాకా ప్రతి ఐటీడీఏ హాస్టల్ గోడ మీద ఈ రెండు నంబర్లు రాయించాలి. అధికారులు రాయించేదాకా ఆగొద్దు, మనమే రాద్దాం. ఒక్కొక్కరం తుడుచుకుంటూ కూర్చుంటే చెత్త తరగదు, ఐదుగురం కలిసి కదిలితేనే ఆగుతుంది.

జై ఆదివాసీ!